తెలిస్తే చెప్పి తీరాలి

జూలై 14, సోమవారం

ఈరోజు నుంచి నేను ఆడపిల్లల హాస్టల్ వార్డెన్ని. పగలు ఫిజిక్స్ క్లాసులు, సాయంత్రం రెండొందలమంది పిల్లలు. "తల్లీ తండ్రీ అన్నీ ఇక మీరేనమ్మా వాళ్ళకి" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

ఇంటికొచ్చి మా డ్రిల్లు మాస్టారితో చెప్పాను. ఇదే కాలేజీలో అందరి చేతా పరుగులు పెట్టిస్తారు, ఇంట్లో మాత్రం తాగిన గ్లాసు తీసి పక్కన పెట్టరు. "ఇన్నేళ్ళూ ఒక్కరు పుట్టలేదని ఏడిచాం, ఒకేసారి రెండొందలమందా!" అన్నారు. నవ్వాను. ఆ జోకు ఇంకెవరు వేసినా నవ్వేదాన్ని కాదు.

క్వార్టరు హాస్టల్ కిందంతస్తులోనే. రెండు గదులు, వంటిల్లు. పడకగది కిటికీ తెరిస్తే ఎదురుగా డైనింగ్ హాలు. ఫినాయిలు వాసన, మాడిన నూనె వాసన. అయితేనేం, ఇంటివాళ్ళ నీళ్ళ మోటారు గొడవ వదిలింది. ఆయన ఉద్యోగం, నా ఉద్యోగం, నెత్తిమీద కప్పు, అన్నీ ఒకే గేటు లోపల. అదృష్టమంటే ఇంకెలా ఉంటుంది.

వచ్చేముందు ప్రిన్సిపాల్ గారు కొత్త చట్టం గురించి చెప్పారు. ర్యాగింగ్ జరిగితే ఇకమీదట పిల్లల్ని మాత్రమే పట్టుకోరట. కాలేజీని కూడా బోనులో నిలబెడతారట. మనకి తెలిసిన రోజే పోలీసులకి చెప్పకపోతే, చేసినవాళ్ళతో సమానంగా మనకీ శిక్ష. "కాబట్టి జాగ్రత్తగా ఉండాలమ్మా" అన్నారు. తలూపాను. జాగ్రత్త అంటే ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

జూలై 17, గురువారం

లీడరు లేకపోతే నా పని గోవిందా. ఆఖరి సంవత్సరం పిల్ల. పొడుగ్గా, గొంతు కంచులా ఉంటుంది. అసలు పేరు ఎవరికీ గుర్తున్నట్టు లేదు, వంటమ్మ కూడా లీడరమ్మా అనే పిలుస్తుంది. నిన్న మూడో అంతస్తుకి నీళ్ళెక్కకపోతే, రేపొస్తానన్న ప్లంబర్ని ఫోన్లోనే అరగంట వాయించి అప్పటికప్పుడు రప్పించింది. ఇవాళ నాకు తలనొప్పిగా ఉందని తనే హాజరు తీసుకుంది.

"కొత్తవాళ్ళని కాస్త దారిలో పెట్టండర్రా. నేనొక్కదాన్ని ఎంతమంది వెనక పడను?" అన్నాను.

"మాకొదిలెయ్యండి మేడం" అంది.

ప్రాణం లేచొచ్చింది.

జూలై 22, మంగళవారం

భోజనాల దగ్గర కొత్త సరదా ఒకటి మొదలైంది. కొత్తవాళ్ళలో ఒక పిల్ల ఉంది, పట్టుకుంటే చేతిలో ఇమిడిపోయేలా ఉంటుంది. దాన్ని స్టూలు ఎక్కించి, రేపటి వంట ఏమిటో అందరికీ వినబడేలా చెప్పిస్తున్నారు. ఆ పిల్లకి నత్తి. చెప్పడం పూర్తయ్యేదాకా అందరూ స్పూన్లతో ప్లేట్లు కొడతారు. పేరు కూడా పెట్టేశారు, రేడియో అని. పిల్లల బుర్రలకి ఎక్కడెక్కడి పేర్లు తడతాయో.

"సిగ్గు పోతుంది మేడం, నాలుగు రోజుల్లో గడగడా మాట్లాడేస్తుంది చూడండి" అంది లీడరు. అదీ నిజమే. నన్ను చిన్నప్పుడు ఎవరైనా అలా స్టూలెక్కించి ఉంటే, మొదటి క్లాసు చెప్పినరోజు బోర్డు వైపే తిరిగి పాఠం చెప్పేదాన్ని కాదు.

జూలై 24, గురువారం

ఇవాళా ప్లేట్ల మోత. పిల్లలు బాగా కలిసిపోతున్నారు.

జూలై 28, సోమవారం

పడకగది కిటికీ సరిగ్గా పడటం లేదు, బిగించమని ఆయనతో చెప్పాను. దోమలు.

జూలై 31, గురువారం

రేడియో ఇంటికొచ్చింది. గది మార్చమంది. గదులు ఖాళీ లేవని చెప్పి పంపించాను.

ఆగస్టు 1, శుక్రవారం

ఎందుకో మనసాగక ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళాను.

"సర్, డైనింగ్ హాల్లో సీనియర్లు కొత్తపిల్లని ఒకదాన్ని కొంచెం..."

చెయ్యెత్తి ఆపేశారు. లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చారు. "మీరు నాతో మాట్లాడుతున్నది వార్డెన్ గానా, మామూలుగానా?"

నాకు అర్థం కాలేదు. "మామూలుగానే సర్" అన్నాను.

"అయితే టీ తాగండి."

టీ వచ్చింది. తాగాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ నెమ్మదిగా అన్నారు. "చట్టం ఏమంటోందమ్మా? తెలిస్తే చెప్పి తీరాలి అంటోంది. తెలిస్తే. ఇప్పుడు మీరు వార్డెన్ గా నాకో మాట చెప్పారనుకోండి, చీకటి పడేలోగా నేను పోలీస్ స్టేషన్‌లో ఉండాలి. పొద్దునకల్లా కాలేజీ పేపర్లో ఉంటుంది. పిల్లల మధ్య ఏదో వేళాకోళం. మీరు నెమ్మదిగా సర్దుకోరూ?"

మంచి మనిషే పాపం. వెళుతుంటే తలుపు ఆయనే తీశారు.

ఇంటికొచ్చి చెబితే మా మాస్టారు పకపకా నవ్వారు. "అంటే ఈ చట్టం చెవిటివాళ్ళని ఏమీ చెయ్యదన్నమాట!" నేనూ నవ్వాను.

ఆగస్టు 5, మంగళవారం

ఆ పిల్ల భోజనాల దగ్గర కనబడటం లేదు. ఇంటికి గాని వెళ్ళిందా? లీడర్ని అడగాలి.

ఆగస్టు 6, బుధవారం

అడగలేదు. ప్రాక్టికల్స్ ఉన్నాయి.

ఆగస్టు 8, శుక్రవారం

మధ్యాహ్నం క్లాసులో ఉండగా వంటమ్మ పరిగెత్తుకొచ్చింది, చేతికి పిండి కూడా కడుక్కోకుండా.

మెట్ల కింద పాత పరుపులు పడేసే గది ఉంది. ఆ పిల్ల అందులో పడుంది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది, పెదాలు పగిలిపోయాయి. పక్కన బిస్కెట్ల కాగితాలు, ఒక నీళ్ళ సీసా. దానితో ఒకే గదిలో ఉండే పిల్ల ఏడుస్తూ చెప్పింది, కొన్నాళ్ళుగా భోజనం వేళకి ఇందులోకొచ్చి కూచుంటోందట. అందరూ తిని వెళ్ళాక బయటికొచ్చేదట. నిన్నటి నుంచి బయటికి రాలేదట. ఎవరూ వెతకలేదు.

నేనూ వెతకలేదు.

మాస్టారు గ్రౌండు నుంచి పరిగెత్తుకొచ్చి దాన్ని రెండు చేతుల మీదా ఎత్తుకున్నారు. కాలేజీ వ్యానులో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ దాని పేరడిగింది. అది నోరు తెరిచింది. మూసింది. డాక్టరమ్మ ఇంకోసారి అడిగింది. ఈసారి తెరవనే లేదు.

"ఎన్నాళ్ళ నుంచి మాట్లాడటం లేదు?" అని డాక్టరమ్మ నన్నడిగింది.

"మాకు తెలియదండీ" అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట.

ఆగస్టు 9, శనివారం

తండ్రి వచ్చాడు. బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి అటునుంచి అటే వచ్చినట్టున్నాడు, యూనిఫాం మీదే ఉన్నాడు. ముందు ఆసుపత్రికి వెళ్ళి, తర్వాత కాలేజీకి వచ్చాడు. ప్రిన్సిపాల్ గారు నన్ను కూడా కూచోమన్నారు.

ఆయనకీ నత్తి. తండ్రి నుంచే వచ్చిందన్నమాట.

"మా అ... అమ్మాయి..."

"ఇంటి మీద బెంగ పెట్టుకుందండీ" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"కా... కాదు. దాన్ని ఎ... ఎవరో..."

"అబ్బే, ఇక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ అనరండీ."

"మా... మాట..."

"మాట వస్తుందండీ, కంగారు పడకండి. జ్వరం తగ్గితే అదే వస్తుంది."

అలా ఒక్కొక్క మాటా ఆయన మొదలుపెట్టడం, ఈయన పూర్తిచెయ్యడం. కాసేపటికి ఆ మనిషి ఆగిపోయాడు. నీళ్ళ గ్లాసు తీసుకుని, తాగకుండానే బల్ల మీద పెట్టేసి, లేచాడు.

వరండాలో నన్ను ఆపాడు. "మీరే కదా వా... వార్డెన్?"

ఆయన ఇంకా ఏదో అనబోతుంటే నేనే గబగబా చెప్పేశాను. "గది మార్చమని అడిగిందండీ, అంతే. అంతకుమించి నాకేమీ చెప్పలేదు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. "గ... గది మార్చమని అ... అడగదు. దానికా గది ఇ... ఇష్టం. కిటికీలోంచి చె... చెట్టు కనబడుతుందని ఫో... ఫోన్లో చెప్పింది."

ఆగస్టు 10, ఆదివారం

ఆరోజు అది వచ్చేసరికి పాలు పొయ్యి మీదున్నాయి. తలుపు దగ్గర నిలబడి "మే... మేడం, న... న... న..." అంది. న దగ్గరే ఆగిపోయింది. నేను ఒక చెవి ఇటు, ఒక చెవి పాల మీద. "న... న..." పాలు పొంగుతున్నాయి. "ఏంటమ్మా, గది మార్చాలా?" అన్నాను.

గది అన్న మాట నాది. అది అనలేదు.

నా వంక కాసేపు చూసింది. తర్వాత తలూపింది.

ఎందుకూపావే పిల్లా. కాదని ఒక్కసారి అడ్డంగా ఊపి ఉంటే ఏం పోయేది.

ఇది కూడా దాని మీదికే నెడుతున్నానా.

ఆగస్టు 11, సోమవారం

తండ్రి పైవాళ్ళకి ఫిర్యాదు చేశాడు. విచారణకి ఒక అధికారి వస్తారట.

ప్రిన్సిపాల్ గారు మమ్మల్నిద్దర్నీ కలిపి పిలిచారు. మొగుడూ పెళ్ళాల్ని జంటగా పిలిచినప్పుడే ఏదో కొంప మునిగిందని తెలిసింది. ఆయన కళ్ళు ఉబ్బి ఉన్నాయి. యాజమాన్యం వాళ్ళు వచ్చి గట్టిగానే తిట్టి వెళ్ళారని ప్యూన్ చెప్పాడు.

"ఇక్కడ ర్యాగింగ్ జరగలేదు. ఇది మన మాట" అన్నారు.

వెంటనే అందుకున్నారు.

"ఒకవేళ జరిగిందనే తేలిందనుకోండి, మాకు తెలియదు. వార్డెన్ మాకు చెప్పలేదు. అది మా మాట."

మన, మా. రెండింటికీ మధ్య ఊపిరి కూడా తీసుకోలేదు. నాకు ఆ గదిలో కుర్చీ ఉన్నట్టుండి చిన్నదైపోయినట్టనిపించింది.

తర్వాత మాస్టారి వైపు తిరిగి నవ్వే ప్రయత్నం చేశారు. "మీ గ్రౌండుకి కొత్త వాలీబాల్ నెట్ అడిగారు కదూ? ఈ గొడవ కానివ్వండి, తెప్పిద్దాం."

విచారణ అయ్యేదాకా నేను క్వార్టరు దాటి వెళ్ళకూడదట. పిల్లలతో మాట్లాడకూడదట. "మీ మంచికే" అన్నారు.

ఆగస్టు 12, మంగళవారం

హాస్టల్లోకి వెళ్ళే తలుపుకి అవతలి నుంచి తాళం వేశారు. ముందు గేటు దాకా నడిస్తే వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. రోజూ దణ్ణం పెట్టేవాడు, ఇవాళా పెట్టాడు. గేటు మాత్రం తియ్యలేదు. "నా చేతుల్లో లేదమ్మా" అన్నాడు.

పిల్లలు కిటికీ ముందు నుంచి వెళుతున్నారు. ఒక్కటీ ఇటు చూడదు. చెప్పులు కూడా చప్పుడు కాకుండా వేస్తున్నారు. డైనింగ్ హాల్లో స్పూను పడితే వినబడుతోంది. నోళ్ళు మూయించడం ఎంత సులువో. అంత సులువైన పని నేను జూలైలో చెయ్యలేదు.

అన్నయ్యకి ఫోన్ చేశాను. ఇంట్లో లాయరుండటం మంచిదే, చెప్పేది వినలేం గానీ.

"చట్టం కాలేజీని పట్టుకుంటుందే. కాలేజీ చేతికి దొరికినదాన్ని పట్టుకుంటుంది. అది నువ్వు."

"ఉన్నదున్నట్టు చెప్పేస్తే?"

"నువ్వూ ముద్దాయివే. తెలిసీ చెప్పలేదుగా."

"చెప్పకపోతే?"

"ఇవాళ్టికి ఏమీ కాదు. ఎప్పటికైనా బయటపడితే నువ్వొక్కదానివే ముద్దాయివి. వాళ్ళు ఒడ్డున నిలబడి నీకు చేతులూపుతారు."

"అన్నయ్యా, నువ్వు నా వైపా, వాళ్ళ వైపా?"

"ఫీజు తీసుకోని లాయరు నిజమే చెబుతాడే తల్లీ."

ఎటు తిరిగినా గోడే. ఇంతసేపూ తిరుగుతూనే ఉన్నాను, ముందుగది నుంచి వంటింటికి, వంటింటి నుంచి ముందుగదికి.

ఆగస్టు 14, గురువారం

మధ్యాహ్నం పెరటివైపు చప్పుడైతే చూశాను. లీడరు. ఎవరూ చూడకుండా గోడ వారగా వచ్చింది. ఆ పిల్ల గోళ్ళు కొరుక్కోవడం ఇదే మొదటిసారి చూడటం.

"మేడం, ఏమీ జరగలేదని చెప్పమన్నారు. మేమందరం అలాగే చెప్తాం. మీరూ అలాగే చెప్తారు కదా?"

నేను తలుపు గడియ పట్టుకునే నిలబడ్డాను.

"మేం దాన్ని కొట్టలేదు మేడం. ఒక్కసారి కూడా చెయ్యి వెయ్యలేదు. వంట ఏంటో చెప్పమన్నాం. అంతే కదా?"

"అంతే అనిపిస్తోందా నీకు?"

కళ్ళు దించుకుంది. అప్పుడు, నన్ను బెదిరించడానికి కాదు, తప్పిపోయిన పిల్ల దారి అడిగినట్టుగా అంది. "మీరే కదా మేడం, దారిలో పెట్టమన్నారు?"

"వెళ్ళు. ఎవరైనా చూస్తారు" అన్నాను.



ఆగస్టు 16, శనివారం

ఆయన నాతో మాట్లాడటం లేదు. నేనూ మాట్లాడటం లేదు. ఇంట్లో కుక్కరొక్కటే నోరు విప్పుతోంది.

ఆగస్టు 17, ఆదివారం

మధ్యాహ్నం భోజనం దగ్గర నేనే మొదలుపెట్టాను. "నా ఒక్కదాని సంగతైతే ఎప్పుడో చెప్పేసేదాన్ని. మీ ఉద్యోగం కూడా పోతుంది. ఈ వయసులో మిమ్మల్ని ఎవరు తీసుకుంటారు? మీ గురించే ఆలోచిస్తున్నాను."

ఆయన ముద్ద కలపడం ఆపేశారు.

"ఆ పిల్లని ఎత్తుకున్నాను కదా" అన్నారు. "రోజూ పిల్లల్ని చూసేవాణ్ణి, ఎవరికి ఎంత బలముందో నాకు తెలుస్తుంది. మెడ కూడా నిలబెట్టలేకపోయింది. నా చొక్కా గుండీ పట్టుకుంది. ఆసుపత్రి వచ్చేదాకా వదల్లేదు."

"అయితే చెప్పమంటారా?"

"నువ్వేం చెప్పాలో నేను చెప్పను. నా ఉద్యోగాన్ని మాత్రం సాకు చెయ్యకు."

లేచి చెయ్యి కడుక్కున్నారు. తన కంచం తనే తీసుకెళ్ళి కడిగి బోర్లించారు.

కోపమొచ్చింది నాకు. ఎంత కోపమొచ్చిందంటే, కాసేపు నాకు భయం కూడా గుర్తుకు రాలేదు.

ఆగస్టు 18, సోమవారం

రేపే.

"నాకేమీ తెలియదండీ." అద్దం ముందు నిలబడి అనుకుని చూశాను. బాగానే వస్తోంది.

ఆగస్టు 19, మంగళవారం

ప్రిన్సిపాల్ గారి గదిలోనే విచారణ. అధికారి పెద్దావిడ. జుట్టంతా నెరిసింది, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. పక్క కుర్చీలో ప్రిన్సిపాల్ గారు. ఆయన అక్కడ ఉండకూడదేమో, కానీ ఆవిడ పొమ్మనలేదు. పిల్లలందరూ అప్పటికే చెప్పి వెళ్ళిపోయారు.

నేనూ అలాగే మొదలుపెట్టాను. కొత్త వాతావరణం. ఇంటి మీద బెంగ. మొదటినుంచీ మెతక పిల్ల. అద్దం ముందు అనుకున్నదానికన్నా బాగా వచ్చింది. ప్రిన్సిపాల్ గారి భుజాలు కిందికి దిగాయి.

ఆవిడ అంతా రాసుకుంది. తర్వాత కలం పక్కన పెట్టి ఒక్కటే అడిగింది.

"మీకెప్పుడు తెలిసింది?"

"ఏమిటండీ?"

"ఆ పిల్లకి అక్కడ బాగాలేదని."

ర్యాగింగ్ జరిగిందా అని అడుగుతుందనుకున్నాను. లేదని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. బాగాలేదని ఎప్పుడు తెలిసిందంటే ఏం చెప్పను? ఏ రోజని చెప్పినా అబద్ధమే అవుతుంది, మొదటిరోజు తప్ప.

"మొదటిరోజేనండీ" అన్నాను.

"మేడం తొందరపడుతున్నారు" అన్నారు ప్రిన్సిపాల్ గారు. "కొంచెం నీళ్ళు..."

"ఆవిడ్ని చెప్పనివ్వండి" అంది అధికారి.

చెప్పాను. స్టూలు, ప్లేట్ల మోత. కిటికీ బిగించమన్నది దోమలకి కాదని, ఆ మోత వినలేకనని. పాలు పొంగుతున్నాయని దాని మాట నేనే పూర్తిచేసి పంపేశానని. మర్నాడు ఇదే గదిలోకొచ్చి చెబితే టీ ఇచ్చారని.

"మామూలుగా చెప్పారమ్మా! మామూలుగా చెబుతున్నానని మీరే అన్నారు!" ప్రిన్సిపాల్ గారి గొంతు చీరుకుపోయింది.

"మామూలుగా చెప్పినా చెప్పినట్టేనండీ" అంది ఆవిడ, తల ఎత్తకుండా.

ఇంకొక్కటి మిగిలింది. దాన్ని దాచుకోవచ్చు. నాకూ లీడరుకీ తప్ప ఎవరికీ తెలియదు. 

"కొత్తవాళ్ళని దారిలో పెట్టమని సీనియర్లకి చెప్పింది కూడా నేనే."

ఆవిడ కళ్ళజోడు తీసింది. "ఇదంతా మీకే ఎదురు తిరుగుతుంది. తెలుసా?"

"తెలుసండీ."

"తెలిసే చెబుతున్నారా?"

"తెలిస్తే చెప్పి తీరాలట కదండీ" అన్నాను. పొగరుగా అనలేదు. ఇంకో మాట దొరకలేదు.

ఆగస్టు 20, బుధవారం

సస్పెన్షన్. సాయంత్రంలోగా క్వార్టరు ఖాళీ చెయ్యాలి. మాస్టారిని కూడా రేపటి నుంచి రావద్దన్నారు, కారణమేమీ చెప్పకుండా. అన్నయ్య వ్యాను పంపించాడు. మంచం కాళ్ళు విప్పుతూ ఆయన ఈలవేశారు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఆగస్టు 23, శనివారం

అన్నయ్య ఇంట్లో ముందుగదిలో ఉన్నాం. కేసుల పుస్తకాల బీరువాలకీ గోడకీ మధ్య మా మంచం. వచ్చే ప్రతి క్లయింటూ ముందు నన్ను చూసి, తర్వాత అన్నయ్యని చూస్తాడు. వదిన బంగారం, ఏమీ అనదు. ఆవిడ ఏమీ అనకపోవడం రోజురోజుకీ బరువెక్కుతోంది.

ఆ గేటు దాటితే ఊపిరాడుతుందనుకున్నాను.

సెప్టెంబరు 11, గురువారం

కాలేజీకి భారీ జరిమానా. వచ్చే ఏడాది కొత్తగా పిల్లల్ని చేర్చుకోకూడదు. ఆ పిల్ల వైద్యం ఖర్చంతా కాలేజీయే పెట్టుకోవాలి. ప్రిన్సిపాల్ గార్ని అరెస్టు చేసి బెయిలు మీద వదిలారు. లీడర్నీ ఇంకో ఇద్దర్నీ కాలేజీ నుంచి తీసేశారు. కేసులో మొదటి ముద్దాయి ప్రిన్సిపాల్ గారు. రెండు నేను. మూడు లీడరు.

మాస్టారికి ఎక్కడా దొరకలేదు. పొద్దున్నే లేచి, ఎవరూ లేని మైదానం చూసుకుని తనొక్కరే పరిగెత్తి వస్తున్నారు.

సెప్టెంబరు 15, సోమవారం

ఆ పిల్ల ఇంట్లో మాట్లాడుతోందట. తల్లితో, తండ్రితో. బయటివాళ్ళు వస్తే లోపలికి వెళ్ళిపోతుందట. వంటమ్మ వెళ్ళి చూసొచ్చి చెప్పింది.

తండ్రికి ఫోన్ చేశాను. ఒక్కసారి వచ్చి చూడొచ్చా అని అడిగాను.

"వద్దు" అన్నాడు.

ఆ మాటకి మాత్రం తడబడలేదు.

అక్టోబరు 3, శుక్రవారం

ఎన్ని పేజీలు ఖాళీగా వదిలేశాను. రాయడానికి ఏముంది. అదే గది, అదే బీరువా. అన్నయ్య అంటాడు, చెప్పేశావు కాబట్టి శిక్ష తగ్గుతుందని. తగ్గడం గురించి వినాలనిపించడం లేదు.

ఎన్నోసార్లు అనుకున్నాను, చెప్పడం వల్ల ఆ పిల్లకి న్యాయం చేశానని. అలా అనుకున్నప్పుడల్లా లీడరు ముఖం అడ్డొస్తోంది. ఇరవయ్యేళ్ళ పిల్లని ముద్దాయిని చేశాను. అది చేసింది తప్పే. నేను చెయ్యమన్న తప్పు.

నవంబరు 12, బుధవారం

కోర్టులో మొదటి వాయిదా ఇవాళ.

వరండాలో బల్ల మీద కూచున్నాను. అన్నయ్య లోపల ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ప్రిన్సిపాల్ గారు దూరంగా, గోడవైపు తిరిగి నిలబడ్డారు. బాగా చిక్కిపోయారు. పలకరిద్దామా అనుకుని మానేశాను.

లీడరు వచ్చింది. వెంట వాళ్ళమ్మ. ఆవిడ నన్ను చూడగానే ఉమ్మినంత పని చేసి వెనక్కి తిరిగింది. "నా కూతుర్ని ముంచావు కదే" అంది అందరికీ వినబడేలా. నేను తల దించుకున్నాను. కూచోవడానికి ఇంకెక్కడా చోటు లేదు. లీడరు వచ్చి నా పక్కనే కూచుంది.

 జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఆ కంచు గొంతు కూడా తగ్గిపోయింది.

"మిమ్మల్ని చాలా తిట్టుకున్నాను మేడం" అంది.

"తిట్టుకో. చెప్పేశాను కదా."

"అందుక్కాదు."

చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూస్తూ మాట్లాడింది.

"మొదటిరోజు దాన్ని స్టూలెక్కించాక నాకే భయమేసింది. నోరు తెరుస్తోంది, మాట రావట్లేదు, అందరూ కొడుతున్నారు. దించేద్దామనుకున్నాను. దించితే నేనే పిరికిదాన్నయిపోతాను కదా అందరి ముందూ. మేడం వస్తారులే, వచ్చి ఒక్క కేకేస్తారు, అప్పుడు దించేద్దాం అనుకున్నాను. తలుపు వైపే చూశాను. రెండోరోజూ చూశాను. రోజూ చూసేదాన్ని మేడం. మీరు రాలేదు. రాకపోయేసరికి, ఇది అంత తప్పు కాదేమో అనిపించింది. తర్వాత్తర్వాత చూడటం మానేశాను."

ఇన్ని నెలల్లో నన్ను చాలామంది చాలా అన్నారు. యాజమాన్యం అంది, పేపర్లన్నాయి, ఇందాక వాళ్ళమ్మ అంది. వీటిలో ఏదీ ఇలా తగల్లేదు. కాలేజీని ఎందుకు బోనెక్కించాలో ఏ చట్టం పుస్తకమూ నాకు ఇంత బాగా చెప్పలేదు.

"ఇది లోపల చెప్తావా?" అని అడిగాను.

ఉలిక్కిపడి చూసింది. "చెప్తే మీకింకా ఎక్కువ పడుతుంది కదా మేడం."

"పడనీ."

"మీ అన్నయ్యగారు ఊరుకుంటారా?"

"వాడి సంగతి నేను చూసుకుంటాను. నువ్వు చెప్పు. ఇప్పుడు నాకు చెప్పినట్టే, తలుపు వైపు చూశానని, నేను రాలేదని, అంతా."

బంట్రోతు వచ్చి పేర్లు పిలిచాడు. ముగ్గురం లోపలికి వెళ్ళి ఒకే వరసలో నిలబడ్డాం. నేరం ఒప్పుకుంటారా అని జడ్జిగారు ఒక్కొక్కర్నే అడుగుతూ వచ్చారు. దాని వంతు వచ్చింది. వెనక నుంచి వాళ్ళమ్మ, ఏమీ తెలియదని చెప్పవే అని గుసగుసలాడింది. లీడరు ఒకసారి నా వైపు చూసింది. నేను తలూపాను.

చెప్పింది. మొత్తం.